సీ భాషను ఇచ్చిన డెన్నిస్ రిచీ



మీ ఇంట్లో ఎవరైనా బీటెక్ మొదటి సంవత్సరంలో ఉంటే సీ లాంగ్వేజ్ పుస్తకం చూసే ఉంటారు. పాయింటర్ల పాఠం రాగానే చాలామంది బట్టీకి దిగుతారు. ఫీజు కట్టేది మీరు కాబట్టి, ఆ పాఠం వెనకున్న మనిషి గురించి మీకూ తెలియాలి.

డెన్నిస్ రిచీ 1941 సెప్టెంబర్ 9న అమెరికాలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త. రిచీ హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి, గణితంలో పరిశోధన చేశారు. థీసిస్ రాశారు గానీ బైండు చేయించి లైబ్రరీకి ఇవ్వలేదు, పీహెచ్‌డీ పట్టా రాలేదు. సర్టిఫికెట్లన్నీ ఫైలులో పెట్టి బీరువాలో దాచుకునే మనకు ఇది వింతే! 1967లో బెల్ ల్యాబ్స్‌లో చేరారు.

అక్కడ 1969లో కెన్ థాంప్సన్ యూనిక్స్ మొదలుపెట్టారు. ఆయన తయారుచేసిన బీ అనే భాష కొత్త పీడీపీ-11 కంప్యూటర్‌కు సరిపోలేదు. రిచీ దాన్ని పెంచి 1972 ప్రాంతంలో సీగా మార్చారు. మరుసటి ఏడాది యూనిక్స్‌నే సీలో తిరగరాశారు.

అప్పట్లో మెమరీ బహు తక్కువ. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌కు ఒక అంకె పంపితే సీ నకలు పంపుతుంది, అసలుది మారదు. వెయ్యి అంకెల అర్రేకు ప్రతిసారీ నకలు తీయడం కుదరదు. అందుకే దాని మొదటి అంకె ఉన్న చోటు, అంటే అడ్రసు మాత్రమే వెళ్తుంది.

మన బెల్లంపల్లిలో సింగరేణి క్వార్టర్లు చూడండి. చుట్టాలకు క్వార్టర్ నంబర్ ఇస్తాం, ఇల్లు ఎత్తి పంపం. వాళ్ళొచ్చి కుర్చీ జరిపితే జరిగేది మన కుర్చీయే. నంబర్‌ని బట్టి గదులెన్నో తెలియదు, విడిగా చెప్పాలి. చెప్పకపోతే సీలో పక్కింట్లోకి దూరినా ఆపేవాళ్ళుండరు. అర్రేకు ఇంకా చోటు కావాలని రియలాక్‌ని అడగడం పెద్ద క్వార్టర్‌కు దరఖాస్తు పెట్టినట్టే. అడ్రసు మారిపోవచ్చు. ఆ సంగతి పిలిచిన ఫంక్షన్‌కు చెప్పకపోతే అది పాత తలుపే తడుతుంది. పిల్లల ప్రోగ్రాములు తరచూ ఆగిపోయేది ఇక్కడే. కొత్త అడ్రసును తిరిగి ఇవ్వాలి, లేదంటే అడ్రసు రాసిన చీటీ ఎక్కడుందో ముందే చెప్పి పంపాలి. పిల్లలు భయపడే పాయింటర్‌కు పాయింటర్ అంటే ఆ చీటీ ఉన్న చోటే. పనయ్యాక ఫ్రీ చేయాలి, క్వార్టర్ తాళం అప్పజెప్పినట్టు.

ఈ జాగ్రత్తలన్నీ రిచీ భాషకు కాక, రాసేవాళ్ళకే వదిలారు. కష్టమే, కానీ సీ వేగం అందులోంచే వచ్చిందని నా అభిప్రాయం. పిల్లలతో కోడ్ కంటే ముందు కాగితం మీద గళ్ళు, బాణాలు గీయించండి.

1978లో బ్రయాన్ కెర్నిఘన్‌తో కలిసి సీ మీద పుస్తకం రాశారు. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 2007లో రిటైరయ్యారు. 2011 అక్టోబర్ 12న న్యూజెర్సీలో, ఒంటరిగా ఉంటున్న ఇంట్లో, చనిపోయి కనిపించారు. అంతకు వారం ముందే స్టీవ్ జాబ్స్ పోయారు. ఆ వార్తల హోరులో రిచీ సంగతి చాలామందికి తెలియనే లేదు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌ను నడిపించే లినక్స్ కెర్నల్ మాత్రం ఇప్పటికీ ఎక్కువ భాగం సీలోనే ఉంది.