గాలిని నేలకు దించిన చాప్‌మన్

ఖరగ్‌పూర్: బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ రైల్వే పట్టణంలో ఒక సంగతి పసిపిల్లలకు సైతం తెలుసు. స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే బండికి చేరువగా నిలబడరాదు. పెట్టెల వెంబడి పరుగెత్తే గాలి ఎండుటాకులను, చిత్తుకాగితాలను, ఏమరుపాటున ఉంటే మనిషిని కూడ తన వైపు లాగుతుంది. వేగంగా కదిలే గాలికి గల ఈ లాగే గుణాన్ని రేసు కారు అడుగుకు మళ్లించి, మోటారు పందేల స్వరూపాన్నే మార్చివేసిన ఆంగ్ల ఇంజనీరు కోలిన్ చాప్‌మన్. ఈ పట్టణం అంచున హిజ్లీలో 1951లో వెలసిన ఐఐటీలో ఫార్ములా స్టూడెంట్ పోటీల కొరకు కారు రూపొందించిన టీమ్‌కార్ట్ విద్యార్థులు మొదలుకొని, రేసు కారుకు ఆకృతినిచ్చే వారెవరికైనా ఆయన వేసిన బాటను తొక్కక తప్పదు.

1928 మే 19న లండన్ చెంత రిచ్‌మండ్‌లో జన్మించిన చాప్‌మన్ జీవితం కూడ ఒక విధంగా రైల్వే నీడలోనే సాగింది. ఆయన తండ్రి ఉత్తర లండన్‌లోని హార్న్సీలో రైల్వే హోటల్ నడిపేవారు. ఆ హోటల్ వెనుకనున్న గుర్రపుసాలే లోటస్ కంపెనీకి తొలి కర్మాగారమైంది. యూనివర్సిటీ కాలేజీలో కట్టడాల ఇంజనీరింగ్ చదువుతూనే ఆయన విమానం నడపడం నేర్చుకున్నారు. 1948లో పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి తొలి కారు తయారుచేశారు. 1952లో కాబోయే భార్య హేజల్ అప్పుగా ఇచ్చిన 25 పౌండ్లతో కంపెనీని ప్రారంభించారు.

కారులో తులమెత్తు బరువు అదనంగా ఉన్నా ఆయన సహించేవారు కారు. అయితే బరువు తగ్గించినంత మాత్రాన గాలి దారి ఇవ్వదు. 1954 నుంచి డి హావిలాండ్ విమాన సంస్థలో వాయుగతి నిపుణుడైన ఫ్రాంక్ కాస్టిన్ లోటస్ కార్లకు విమానాల వంటి నునుపైన ఒడలు కల్పించారు. గాలి ప్రతిఘటన ఎంత తగ్గితే వేగం అంత పెరుగుతుందన్నది అప్పటి సూత్రం. 1963, 1965 సంవత్సరాల్లో లోటస్ కార్లతోనే జిమ్ క్లార్క్ ప్రపంచ విజేత అయ్యాడు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో లోటస్ కారులోనే మరణించాడు.

తిన్నని దారిలో కంటె మలుపులలోనే పందెం గెలవవచ్చునని అప్పటికే కొందరు గ్రహించారు. విమానపు రెక్క పైకి లేపుతుంది. దానిని తలకిందులుగా బిగిస్తే కారును నేలకు అదుముతుంది. బరువు పెరగకుండానే టైర్లకు పట్టు పెరుగుతుంది. 1968లో లోటస్ కార్లకు ఎత్తైన రెక్కలు వచ్చాయి. కాని సన్నని కమ్మీలపై నిలిపిన ఆ రెక్కలు 1969 మేలో స్పెయిన్ పందెంలో విరిగి, గ్రాహం హిల్, జోకెన్ రింట్‌ల కార్లు రెండూ ఒకే చోట ధ్వంసమయ్యాయి. రెక్కలను నిషేధించాలని రింట్ బహిరంగంగానే కోరాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 5న మోంజాలో, తిన్నని దారిలో వేగం కొరకు రెక్కలు తీసివేసిన లోటస్ 72 నడుపుతూ ఆయన దుర్మరణం పాలయ్యాడు. ముందు చక్రపు బ్రేకు షాఫ్టు విరగడం ప్రమాదానికి నాంది పలికింది. ఆ ఏటి ప్రపంచ విజేత బిరుదు మరణానంతరం ఆయనకే దక్కింది. తేలికదనం కొరకు చాప్‌మన్ పడిన ఆరాటానికి మూల్యం చెల్లించినవారు డ్రైవర్లేనన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం.

ఆయన ఘనత ఎక్కువగా నిలిచిన పని ఆ తరువాతిది. 1975లో నార్‌ఫోక్‌లోని కెటరింగ్‌హామ్ హాల్‌లో టోనీ రడ్, పీటర్ రైట్ ప్రభృతులతో చిన్న పరిశోధన బృందాన్ని కూర్చి, రెక్కలను కాదు, మొత్తం కారునే రెక్కగా మలచవచ్చునా అన్న ప్రశ్న వారి ముందుంచారు. ఇంపీరియల్ కాలేజీ వాయుసొరంగంలో, కింద రోడ్డు వలె కదిలే పట్టీ పైన నమూనాను నిలిపి పరీక్షించారు. కొలతలు నిలకడగా రాలేదు. కారణం వెతకగా నమూనా పక్కభాగాలు గాలివేగానికి కిందికి వంగుతున్నట్లు తేలింది. అవి నేలకు దగ్గరైన కొద్దీ కిందికి లాగే బలం పెరుగుతోంది! అట్టముక్కలతో ఆ సందులను మూసి చూడగా బలం అమాంతంగా పెరిగింది. కారు అడుగున ఇరుకైన దారిలో గాలి వేగం పుంజుకుంటుంది, పీడనం పడిపోతుంది, పై గాలి కారును నేలకు నొక్కుతుంది. పక్కల నుంచి గాలి చొరబడకుండా నేలను రాసుకునే అంచులు అమర్చారు. కంటికి కనిపించని చోట రహస్యం దాగి ఉండడం వల్ల పోటీదారులు దానిని పసిగట్టడానికి చాలాకాలం పట్టింది.

1977లో లోటస్ 78 అయిదు పందేలు గెలిచింది. 1978లో లోటస్ ఎనిమిది గెలిచి, మారియో ఆండ్రెట్టి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ బిరుదు ఖాయమైన మోంజా పందెంలోనే, తన కొత్త కారు దెబ్బతిన్నందున పాత 78 నడిపిన రోనీ పీటర్సన్ గాయపడి మరునాడు కన్నుమూశాడు.

అక్కడి నుంచి దిగజారుడే. 1979 నాటి లోటస్ 80 అడుగున పీడనం నిలకడ తప్పి, కారు కుదుపులతో ఎగిరెగిరి పడింది. 1981లో జోడు చట్రాల లోటస్ 88ను అధికారులు నిషేధించారు. 1982 ఆగస్టులో ఆస్ట్రియాలో ఎలియో డి ఏంజెలిస్ రెప్పపాటు తేడాతో గెలిచినప్పుడు చాప్‌మన్ అలవాటు ప్రకారం టోపీ గాలిలోకి విసిరారు. అదే చివరిసారి. 1983 నుంచి కార్ల అడుగు చదునుగా ఉండాలన్న నిబంధన వచ్చింది. 1982 డిసెంబరు 16న, 54వ ఏట, ఆయన గుండెపోటుతో మరణించారు.

ఆయన వెంట ఒక అపవాదు కూడ మిగిలింది. బ్రిటిష్ ప్రభుత్వ ధనంతో బెల్‌ఫాస్ట్ చెంత నెలకొన్న డెలోరియన్ కంపెనీ, కారు రూపకల్పన నిమిత్తం చెల్లించిన సుమారు 1.7 కోట్ల డాలర్లు పనామాలో నమోదైన ఒక సంస్థ ద్వారా మాయమయ్యాయి. లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఫ్రెడ్ బుషెల్‌కు 1992లో మూడేళ్ల జైలుశిక్ష పడింది. చాప్‌మన్ జీవించి ఉంటే కనీసం పదేళ్ల శిక్ష తప్పేది కాదని న్యాయమూర్తి అభిప్రాయపడ్డారు.

2022లో ఫార్ములా వన్ నిబంధనలు మారి, కారు అడుగున గాలి సొరంగాలకు తిరిగి అనుమతి లభించింది. ఆ ఏడాది తొలి పరీక్షలలోనే పెద్ద జట్ల కార్లు తిన్నని దారిలో ఎగిరెగిరి పడ్డాయి. లోటస్ 80ను దెబ్బతీసిన జబ్బు అదే.