ఇంజనీరు కొలువు వీడి గిరిజనుల చెంతకు: ఠక్కర్ బాపా జీవితం

అరకు సంతకు పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకుల కట్టలు మోసుకువచ్చే గిరిజనునికి ఠక్కర్ బాపా పేరు తెలియకపోవచ్చు. కాని అతని భూమి గిరిజనేతరుని పరం కాకుండా అడ్డుపడుతున్న చట్టానికి మూలం వెదుక్కుంటూ వెళితే, నలభై నాలుగేళ్ళ వయసులో ఇంజనీరు ఉద్యోగానికి స్వస్తి చెప్పిన ఈ గుజరాతీయుడు తారసపడతారు.

అమృతలాల్ విఠల్‌దాస్ ఠక్కర్ 1869 నవంబరు 29న భావనగర్‌లో జన్మించారు. గాంధీజీ పుట్టినదీ ఆ ఏడాదే. ఠక్కర్ 1890లో పూనాలో ఇంజనీరింగు చదువు ముగించి, కాఠియావాడ్ సంస్థానాలలో ఉద్యోగం చేశారు. 1900లో సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వెళ్ళి, ఉగాండా రైలుమార్గం పనుల్లో మూడేళ్ళు గడిపారు. తిరిగి వచ్చాక సాంగ్లీ సంస్థానంలోను, ఆ తర్వాత బొంబాయి మునిసిపాలిటీలోను ఇంజనీరుగా పనిచేశారు.

ఆయన మనసు మారింది బొంబాయిలోనే. నగరంలోని చెత్తను రైలు పెట్టెల్లో ఊరి వెలుపలికి తరలించే పనిని పర్యవేక్షిస్తూ, ఆ చెత్త ఎత్తేవారి బతుకులు ఆయన దగ్గరగా చూశారు. వారు ఉండే చోటు మనుషులు ఉండదగినది కాదు. చేతికి వచ్చే జీతం వడ్డీవ్యాపారుల పాలయ్యేది. వారిని అప్పుల నుంచి బయట పడవేయడానికి సహకార సంఘం పెట్టించారు. తీరిక వేళల్లో చేసే సేవ చాలదని ఆయనకు తోచింది.

1914 ఫిబ్రవరిలో, ఇరవై మూడేళ్ళ సర్వీసును వదులుకుని, గోఖలే స్థాపించిన భారత సేవక సమాజంలో చేరారు. సభ్యులకు ఆ సమాజం ఇచ్చేది పొట్ట గడవడానికి సరిపడే భత్యం మాత్రమే. సొంత సంపాదన కూడదని నియమం. స్థిరపడిన మనిషి, నడివయసులో, నెల జీతం కాదని ఇలాంటి దారి పట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఉద్యోగం వదిలారే గాని ఇంజనీరు అలవాట్లు వదలలేదు. కరువు వచ్చిన చోటికి వెళ్ళి, ఊరూరా తిరిగి, చూసింది రాసుకుని, పైసాతో సహా లెక్క చూపడం ఆయన పద్ధతి. 1920లో ఒరిస్సా కరువులో పనిచేశారు. గుజరాత్‌లోని పంచమహల్ కరువులో భిల్లుల దైన్యం చూసి, 1922లో దాహోద్‌లో భిల్ సేవా మండలి స్థాపించారు. పాఠశాలలు, ఆశ్రమాలు తెరిచారు. 1932లో హరిజన సేవక సంఘం ప్రధాన కార్యదర్శి అయ్యారు. మరుసటి ఏడాది మొదలైన గాంధీజీ హరిజన యాత్రకు ఏర్పాట్ల బాధ్యత ఆయనదే. ఆ యాత్ర మన ఆంధ్ర జిల్లాలకూ వచ్చింది.

డెబ్భై ఏడేళ్ళ వయసులో ఆయన భుజాన మరో బరువు పడింది. రాజ్యాంగ పరిషత్తు 1947లో, అస్సాం మినహా దేశంలోని గిరిజన ప్రాంతాల పాలన ఎలా ఉండాలో సూచించడానికి ఒక ఉపసంఘాన్ని వేసి, అధ్యక్షునిగా ఠక్కర్‌ను నియమించింది. జైపాల్ సింగ్ అందులో సభ్యులు. 1935 చట్టం ప్రకారం పాక్షిక మినహాయింపు ప్రాంతంగా ఉండిన విశాఖ ఏజెన్సీ కూడా ఉపసంఘం పరిశీలనలోకి వచ్చింది. గిరిజనుల భూమికి రక్షణ, వడ్డీవ్యాపారంపై అదుపు, గిరిజన సలహా మండలి అవసరమని ఉపసంఘం సిఫారసు చేసింది. కొన్ని మార్పులతో ఇవి రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలులో చోటు చేసుకున్నాయి.

గిరిజనులను ప్రధాన సమాజంలో కలపాలన్న ఆయన వాదాన్ని, వారి ఆచారాలపై ఆయన అభిప్రాయాలను వెరియర్ ఎల్విన్ వంటివారు విమర్శించారు. అయితే గిరిజనుని భూమి గిరిజనునికే దక్కాలన్న విషయంలో ఆ ఇద్దరికీ పేచీ లేదు.

ఠక్కర్ బాపా 1951 జనవరిలో కన్నుమూశారు. అయిదో షెడ్యూలు ఇచ్చిన అధికారంతోనే మన రాష్ట్రంలో 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో దానిని బిగించారు. మన్యంలో అందరి నోటా వినబడే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అదే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదన్న ఆ తీర్పుకు ఆధారం కూడా అయిదో షెడ్యూలే.

చట్టం ఉన్నంత మాత్రాన బినామీ సాగు ఆగిపోలేదు. అయినా, పట్టా పుస్తకం పట్టుకుని పాడేరు కచేరీ మెట్లెక్కే గిరిజన రైతుకు, ఈ భూమి నాదని చెప్పడానికి ఒక ఆధారం ఉంది. ఆ ఆధారం కల్పించినవారిలో, నడివయసులో కొలువు వదులుకుని వచ్చిన ఒక ఇంజనీరు ఉన్నారు.