పాతబడిన సరకుతో కొత్త ఆట

జపాన్‌లోని క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేసే సంస్థ ఒకటి ఉండేది. అక్కడి యంత్రాల మరమ్మతు చూసేందుకు 1965లో చేరిన యువకుడొకడు తీరిక వేళ తనకోసం ఒక బొమ్మను చేసుకున్నాడు. అది కత్తెరవలె చాచుకొని, ముడుచుకునే చేయి. సంస్థ అధిపతి హిరోషి యమౌచి దానిని చూశారు. మందలింపునకు బదులు, దానిని అమ్మకపు వస్తువుగా మలచమన్న ఆజ్ఞ వచ్చింది. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరిట అంగళ్లకెక్కిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ సంస్థ నింటెండో. ఆ యువకుడు గున్పే యోకోయి.

1941 సెప్టెంబరు 10న జన్మించిన యోకోయి, దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివారు. బులెట్ రైలులో ఒక ఉద్యోగి పొద్దుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం ఆయన గమనించారట. పెద్దవారికీ ఆట కావాలి. కాని ఆడుతున్నట్టు నలుగురికీ తెలియకూడదు. అప్పటికే క్యాలిక్యులేటర్ల పోటీలో ఎల్‌సీడీ తెరలు చౌకయ్యాయి. ఆ తెరతోనే 1980లో అరచేతిలో ఇమిడే ‘గేమ్ అండ్ వాచ్’ వచ్చింది. మొత్తం 4 కోట్ల 34 లక్షలు అమ్ముడయ్యాయి. 1982 నాటి ‘డాంకీ కాంగ్’ ఆటకు ఆయన అమర్చిన కూడిక గుర్తు ఆకారపు మీట ఆ తరువాతి ఆటయంత్రాలన్నింటికీ ఒరవడి అయింది.

సరికొత్త విజ్ఞానం వెంట పరుగెత్తక, నలిగి చౌకబడిన దానికి ఎవరూ ఊహించని ఉపయోగం కనిపెట్టడమే ఆయన పద్ధతి. దానికి అసలు పరీక్ష 1989లో ‘గేమ్ బాయ్’ రూపంలో ఎదురైంది. దాని తెర పచ్చగా, మసకగా ఉండేది, రంగులు లేవు. అదే ఏడు అటారీ ‘లింక్స్’, మరుసటి ఏడు సెగా ‘గేమ్ గేర్’ రంగుల తెరలతో బరిలోకి దిగాయి. అయితే వాటికి ఆరేసి బ్యాటరీలు కావాలి, అవీ కొద్ది గంటలలోనే ఉడిగిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి నడిచేది. ధర కూడా తక్కువ. అమెరికాలో దానితోపాటే ఇచ్చిన ‘టెట్రిస్’ ఆటకు రంగులతో పనేముంది? ఆటల జోలికే పోనివారు సైతం దానిని చేతపట్టారు. తరువాతి రంగుల రూపంతో కలిపి 11 కోట్ల 86 లక్షలు దాటి అమ్ముడుపోయింది.

1995 నాటి ‘వర్చువల్ బాయ్’ మాత్రం ఆయనను దెబ్బతీసింది. చౌకగా దొరికిన ఎర్రని దీపాలతో లోతును చూపే ఆ యంత్రాన్ని బల్లమీద నిలిపి, కళ్లు ఆనించి చూడాలి. పలువురికి తలనొప్పి మిగిలింది. పొదుపు ఇక్కడ ఆటగాడికే భారమైందని చెప్పక తప్పదు. 1996లో ఆయన నింటెండోను వీడారు. ఆ వైఫల్యమే కారణమని లోకం అనుకున్నా, ఆయన అంగీకరించలేదు. సొంతంగా ‘కోటో’ అనే సంస్థను స్థాపించి, బందాయ్ కోసం మరొక చేతియంత్రపు రూపకల్పనకు పూనుకున్నారు.

1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతపు రహదారిపై ప్రమాదం జరిగి, దెబ్బతిన్న కారు దిగి నిలుచున్న యోకోయిని మరో కారు ఢీకొన్నది. అప్పటికాయన వయస్సు 56. ఆయన చేపట్టిన యంత్రం 1999 మార్చిలో ‘వండర్‌స్వాన్’గా వెలువడింది. రంగులు లేని తెర, ఒకే ఒక్క బ్యాటరీ. దానితో వచ్చిన ఒక ఆటకు ఆయన పేరే పెట్టారు.