అర అంగుళం లెక్క

మొన్న దసరా సెలవుల్లో టేకులపల్లిలో మా ఇంటి వరండాలో మూడు ప్లైవుడ్ బోర్డులు పక్కపక్కన పేర్చాం. ఒక్కోటి నాలుగడుగులు. కారేపల్లి జంక్షన్ నాది. అక్కడ్నుంచి ఇల్లెందు పోయే లైను ఒకడిది, కొత్తగూడెం పోయేది ఇంకొకడిది. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసుకొచ్చిన బొమ్మ రైలు లైన్లు. ఎవరి బోర్డు మీద ఇంజన్ బాగానే తిరుగుతోంది. బోర్డు దాటే చోటికి రాగానే మాత్రం పట్టాలు తప్పి పక్కకి ఒరిగిపోతోంది. కొలిస్తే పట్టాలు ఎదురెదురుగా లేవు, రెండు మిల్లీమీటర్ల తేడా. పట్టాల మధ్య దూరమే 16.5 మిల్లీమీటర్లు. ఇక తప్పు నీదంటే నీదని ఒకటే గొడవ. ఎవడి కోడ్ వాడి లాప్‌టాప్‌లో రన్ అవుతుంది, కలిపినప్పుడే కదా అసలు సంగతి తెలిసేది!

ఆ రాత్రి ఈ అతుకు గురించే వెతుకుతూ వెతుకుతూ ఫ్రాంక్ హార్న్‌బీ దగ్గర తేలాను. బొమ్మ రైళ్ళ డబ్బాల మీద ఉండే పేరు. అది ఒక మనిషి పేరని అప్పటిదాకా నాకు తెలీదు.

1863 మే 15న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రిది సరుకుల వ్యాపారం. పదహారేళ్ళకే బడి మానేసి తండ్రి దగ్గర క్యాషియర్‌గా కూర్చున్నాడు. 1899లో తండ్రి పోయాడు, వ్యాపారం మూతపడింది. డేవిడ్ ఎలియట్ అని మాంసం దిగుమతి చేసే ఆయన దగ్గర లెక్కలు రాసే గుమాస్తాగా చేరాడు. ముప్పై ఆరేళ్ళొచ్చాయి, ఇంజనీరింగ్ చదువు లేదు. మన ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళైతే ఫారం కూడా తీసుకోరు.

ఇంట్లో ఇద్దరు కొడుకుల కోసం రేకు కత్తిరించి వంతెనలు, క్రేన్లు చేసేవాడు. మొదట్లో చేసిన ముక్కలు ఆ బొమ్మకే పనికొచ్చేవి. క్రేన్ ముక్క వంతెనకి పట్టదు. సరిగ్గా మా బోర్డుల్లాగే! అక్కడ ఆయనకి తట్టింది చూడండి: పట్టీ వెడల్పు అర అంగుళం, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య అర అంగుళం, ఏ పట్టీకైనా అదే లెక్క. అప్పుడు ఏ ముక్కనైనా ఏ ముక్కకైనా బోల్టుతో బిగించొచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. అదే రంధ్రంలోంచి ఇరుసు దూర్చితే చక్రం తిరుగుతుంది. ఒకే రంధ్రం, రెండు పనులు. నాకు బాగా నచ్చింది ఇదే.

పేటెంటుకి డబ్బుల్లేవు. యజమాని ఎలియట్ దగ్గరే ఐదు పౌండ్లు అప్పు తీసుకుని 1901 జనవరిలో దరఖాస్తు పెట్టాడు. మరుసటి ఏడాది డబ్బాలు అమ్మకానికొచ్చాయి గానీ మొదటి పట్టీలు మొరటుగా ఉండేవి, నట్లు సరిగ్గా పట్టేవి కావు. లాభం కళ్ళజూడటానికి 1906 దాకా పట్టింది. 1907లో ఆ బొమ్మకి మెకానో అని పేరు పెట్టాడు. 1908లో కంపెనీ పెట్టేటప్పుడు ఎలియట్ నేను రానని తప్పుకున్నాడు. పాపం, అప్పిచ్చిన మనిషి!

మొదటి ప్రపంచ యుద్ధంతో ఇంగ్లండుకి జర్మనీ బొమ్మలు రావడం ఆగిపోయింది. 1920లో హార్న్‌బీ కీ ఇచ్చి నడిపే రైలు తెచ్చాడు. దాన్ని కూడా నట్లు విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు. పట్టాలు రేకుతో చేసినవి, లోపల బోలు. ఒక ముక్క చివర ఉన్న పిన్ను ఇంకో ముక్కలోకి దూర్చాలి. ఈ ఏడాది ఒక ముక్క, వచ్చే పుట్టినరోజుకి ఇంకో ముక్క కొన్నా కలుస్తాయి. కోటీశ్వరుడయ్యాడు. 1931లో పార్లమెంటుకి గెలిచాడు, కానీ ఆ సంగతి ఇప్పుడు ఎవరిక్కావాలి? 1936 సెప్టెంబరు 21న చనిపోయాడు. మా బోర్డుల మీదున్న 16.5 కొలతలో ఆయన కంపెనీ రైళ్ళు తెచ్చింది 1938లో. ఆయన చూడలేదు.

ఇంకోటి కూడా చూడలేదు. 1964లో ఆ కంపెనీని, ట్రయాంగ్ రైళ్ళు చేసే పోటీ కంపెనీ వాళ్ళు కొనేశారు. రెండింటి పట్టాలూ ఒకదానికొకటి పట్టవు! కలపడానికి మధ్యలో వేసే పట్టా ముక్క ఒకటి ప్రత్యేకంగా చేసి అమ్మాల్సి వచ్చింది. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా వేసింది.

పొద్దున లేచి వెల్డింగ్ షాపులో ఒక ఇనుప పట్టీకి మూడు రంధ్రాలు వేయించాను, రెండు బోల్టులకి, ఒకటి పట్టాల మధ్య గీతకి. ఆ పట్టీని ఒక్కో బోర్డు చివర పెట్టి, అవే గుర్తుల మీద రంధ్రాలు వెయ్యాలి. ముందు రంధ్రాలు, తర్వాతే పట్టాలు. మేం చేసింది దీనికి తలకిందులు. నా బోర్డునీ ఇల్లెందు బోర్డునీ బోల్టులతో బిగించి, అతుకు మీదుగా పట్టా ఒకే ముక్కగా పరిచి, రెండువైపులా ఇత్తడి స్క్రూలకి సోల్డర్ చేసి, ఆ తర్వాత సన్న రంపంతో మధ్యలో కోశాం. కోశాక కరెంటు దాటదు కాబట్టి కింద నుంచి వైర్లు, ప్లగ్గు. ఇంజన్ పదిసార్లు దాటింది, ఒక్కసారి కూడా పడలేదు.

కొత్తగూడెం వాడు మాత్రం తప్పు తన బోర్డుది కాదనే అంటున్నాడు. ఇనుప పట్టీ వాడి బ్యాగులో పెట్టి పంపించాను. సంక్రాంతికి తెస్తాడట.