సిక్సర్‌కి బలం చేతుల్లో కాదు, నడుములో! తెలుగు మూలాలున్న తొలి టెస్ట్ కెప్టెన్ సీకే నాయుడు కథ ఇదీ

వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు సాయంత్రం ఏ ఖాళీ స్థలం చూసినా కుర్రాళ్లు బ్యాట్ పట్టుకుని కనిపిస్తారు. సిక్సర్ కొట్టాలంటే కండలుండాలని చాలామంది అనుకుంటారు. కానీ అసలు కిటుకు నడుములో ఉంది. వందేళ్ల కిందటే ఈ దేశానికి ఆ దెబ్బ రుచి చూపించిన వ్యక్తి ఓ తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయనే కొఠారి కనకయ్య నాయుడు. అందరికీ తెలిసిన పేరు సీకే నాయుడు.

1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టారు. 1916లో హిందూ జట్టు తరఫున ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లోకి వచ్చారు. తర్వాత హోల్కర్ మహారాజు పిలుపుతో ఇందూరు వెళ్లి అక్కడి సైన్యంలో చేరారు. మనిషి ఆరడుగుల పొడగరి. ముందుకొచ్చి బంతిని లేపి కొట్టడం ఆయన ప్రత్యేకత.

ఆ రోజు బొంబాయిలో ఏం జరిగిందంటే..

1926 డిసెంబర్ 1. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టుతో బొంబాయి జింఖానా మైదానంలో మ్యాచ్. మన దేశాన్ని పాలిస్తున్నది వాళ్లే, ఆట నేర్పిందీ వాళ్లే. వాళ్ల ముందు మనవాళ్లు నిలుస్తారా లేదా అన్నదే అందరి సందేహం. నాయుడు రెండు గంటల లోపే 153 పరుగులు బాదేశారు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు! భారత్ టెస్టులు ఆడగలదన్న నమ్మకం ఆ ఇన్నింగ్స్‌తో బలపడింది. రెండేళ్లకే, 1928లో బీసీసీఐ ఏర్పడింది.

అంత దూరం ఎలా వెళ్తుంది?

బ్యాట్ వెనక్కి ఎత్తినప్పుడు ఒంటి బరువు వెనక కాలి మీద ఉంటుంది. ముందు కాలు వేయగానే బరువు అటు మారుతుంది. ఆ వెంటనే నడుము తిరుగుతుంది, దాని వెనకే భుజాలు, ఆఖర్న చేతులు వస్తాయి. కింద పుట్టిన బలం పైకి పాకి బ్యాట్‌కి చేరుతుందన్నమాట. గోల్ఫ్‌లోనూ ఇదే సూత్రం. క్లబ్‌ని కిందికి దించేటప్పుడు ముందు కదలాల్సింది నడుమే. చేతులు తొందరపడితే బంతి దారి తప్పుతుంది. బరువు వెనక కాలి మీదే ఉండిపోతే బంతి గాల్లోకి లేస్తుంది కానీ దూరం పోదు. రొడ్డలో సగం దూరంలోనే క్యాచ్ అయ్యేది ఇందుకే!

లార్డ్స్‌లో తొలి టెస్ట్

1932లో ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్‌గా పోర్‌బందర్ మహారాజును పెట్టారు. ఆయన తప్పుకోవడంతో జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తొలి టెస్ట్‌కు నాయుడే నాయకత్వం వహించారు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటింగ్‌కి దిగి తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. జట్టులో అదే టాప్ స్కోర్. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడినా పరువు నిలిచింది. ఆ పర్యటన మొత్తంలో ఆయన కొట్టిన సిక్సర్లు 32. మరుసటి ఏడాది విజ్డెన్ ఐదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

టెస్టులు ఆడింది ఏడే. కానీ ఆట మాత్రం వదల్లేదు. 1951-52 రంజీ ఫైనల్‌లో బంతి మూతికి తగిలి పళ్లు ఊడినా క్రీజు వదలలేదు. అప్పటికి వయసు యాభై దాటేసింది.

మన జట్టుకీ ఆయనే మొదటి సారథి

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నెల్లూరు జిల్లా కూడా మద్రాసు నుంచి విడిపోయి అందులోకి వచ్చింది. అదే సీజన్‌లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ఆడింది. కెప్టెన్ ఎవరనుకున్నారు? 58 ఏళ్ల సీకే నాయుడు! కొత్త జట్టుకి అంతకన్నా పెద్ద అండ ఏముంటుంది? 1956లో పద్మభూషణ్ వచ్చింది. 61 ఏళ్ల వయసులోనూ ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ బరిలో దిగారు. 1967 నవంబర్ 14న ఇందూరులో కన్నుమూశారు.

వయసు పెరిగితే చేతుల్లో బలం తగ్గుతుంది. పాదాల పొందిక, నడుము తిప్పే తీరు మాత్రం సాధన చేసినవాళ్లను అంత తొందరగా వదిలిపోవు. రేపు గ్రౌండ్‌కి వెళ్లినప్పుడు ఓసారి గమనించండి. బంతి తగిలే క్షణానికి మీ బరువు ఏ కాలి మీద ఉంది?