బదిలీల మధ్య పూర్తయిన నిఘంటువు

మనం గరాచర్మకు వచ్చినప్పుడు సామాన్లతో పాటు సగం రాసిన నోటుపుస్తకాలు కూడా ఓడ దిగాయి. పాత ఊరిలో మొదలుపెట్టిన పని అక్కడితోనే ఆగిపోవడం మనలాంటి బదిలీ కుటుంబాలకు అలవాటే. మళ్లీ బదిలీ వస్తుంది కదా, కొత్తగా మొదలుపెట్టి ఏం లాభం అనిపిస్తుంది. అలాంటప్పుడు మనం ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారిని తలచుకోవాలి.

బ్రౌన్ గారు 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చారు. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. ఉద్యోగం కోసం నేర్చుకుని, 1820లో కడపలో పనిలో చేరారు. ఆ తర్వాత అన్నీ బదిలీలే: మచిలీపట్నం, రాజమండ్రి, మళ్లీ కడప, గుంటూరు, తిరుచిరాపల్లి.

ఊరు మారినా ఆయన పని మారలేదు. కచేరీ పని పోను మిగిలిన వేళల్లో తెలుగు తాళపత్రాలు వెదికించేవారు. ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, పండితులతో పోల్చి చూపించి, తప్పులు దిద్దించి, లేఖకులతో శుద్ధప్రతి రాయించేవారు. వాళ్ల జీతాలు సొంత డబ్బుతో ఇచ్చేవారు. అందుకోసం అప్పులు కూడా చేశారు. పుస్తకాల్లోని మాటలే కాక, జనం నోట వినిపించే మాటలనూ పోగుచేశారు.

వేమన పద్యాలకు ఆయన చేసిన ఆంగ్లానువాదం 1829లో అచ్చయింది. తర్వాత ఒక దశలో ఉద్యోగం పోయి ఇంగ్లండ్ వెళ్లవలసి వచ్చింది. అక్కడా తెలుగు ప్రతులను వదల్లేదు. తిరిగి మద్రాసు వచ్చాక, 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. కడపలో అడుగుపెట్టిన నాటి నుంచి లెక్కిస్తే 32 ఏళ్లు! ఉద్యోగ విరమణ తర్వాత లండన్‌లో తెలుగు ఆచార్యులుగా పనిచేసి, 1884లో అక్కడే కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఆయన నిఘంటువును మనం ఇప్పటికీ తిరగేస్తున్నాం.

అంత పెద్ద పుస్తకం ఒక్కరోజులో తయారు కాలేదు. ఒక్కో మాటా చేరి నిఘంటువైంది. గరాచర్మ వీధుల్లో తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ అన్నీ మన చెవిన పడతాయి. రోజుకొక కొత్త మాట, దాని అర్థం రాసుకుంటే ఏడాదికి 365, మూడేళ్లకు వెయ్యికి పైనే. ఈలోగా బదిలీ వస్తే ఆ నోటుపుస్తకాన్ని పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుందాం. కొత్త ఊరిలో దిగిన రోజే తర్వాతి మాట రాసుకోవచ్చు.