అద్దె తుపాకుల నుంచి ఫిరంగుల కార్ఖానా దాకా – మూసా రాము జీవిత కథ



ప్రతి ఏటా మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ఒక పేరున్న మనిషి జీవితం రాయడం ఆనవాయితీ. దేశ నాయకుల గురించి, కవుల గురించి మన అన్నలు ఇదివరకే రాశారు. అందుకే ఈసారి మేము వేరే దారిలో వెళ్ళాలనుకున్నాము. ఈ వ్యాసం ఒక ఫిరంగుల పనివాడి గురించి.

ఈ ఆలోచన మాకు పుస్తకంలోంచి రాలేదు, బస్సులోంచి వచ్చింది. మోస్రా నుంచి నిజామాబాదు పోయి, అక్కడి నుంచి హైదరాబాదు పోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకున్న మన సీనియర్ అన్న ఒకరు దసరా సెలవులకు వచ్చినప్పుడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. మలక్‌పేట దాటగానే మూసారాంబాగ్ వస్తుంది, ఇప్పుడు అక్కడ మెట్రో స్టేషను కూడా ఉంది, మరి ఆ మూసారాం ఎవరో చెప్పండి అన్నారు. ఎవరో జమీందారు అని ఒకరం, సాధువు అని ఒకరం చెప్పాము. రెండూ తప్పే. అతడు ఫ్రాన్సు దేశస్థుడు. పేరు మిషెల్ జోకిం మరీ రేమండ్.

బాల్యం – భారతదేశానికి రాక

రేమండ్ 1755 సెప్టెంబరు 20న ఫ్రాన్సు నైరుతి భాగంలో ఉన్న గాస్కనీ ప్రాంతంలో, సెరిన్యాక్ అనే ఊళ్ళో జన్మించాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1775లో, తన సోదరునితో కలిసి ఓడెక్కి పుదుచ్చేరికి వచ్చాడు. అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివారి చేతిలో ఉండేది. అతడు వచ్చింది యుద్ధం చేయడానికి కాదు, సరుకుల దుకాణం పెట్టుకోవడానికి.

అవి దక్షిణ భారతమంతా యుద్ధాలతో అట్టుడుకుతున్న రోజులు. ఒకవైపు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ, ఒకవైపు మైసూరు హైదర్ అలీ, మరొకవైపు మరాఠాలు, నిజాం. రేమండ్ త్రాసు వదిలి కత్తి పట్టాడు. మైసూరు పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి దళంలో చేరాడు. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ మళ్ళీ మన దేశానికి వచ్చినప్పుడు ఆయన దగ్గర పనిచేశాడు. ఈ బుస్సీ అంతకు ముప్పై ఏళ్ళ క్రితం హైదరాబాదు నిజాముల కొలువులో గొప్ప పలుకుబడి ఉన్నవాడు. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం, 1786లో, రేమండ్ హైదరాబాదు చేరి రెండవ నిజాం అయిన నిజాం అలీ ఖాన్ కొలువులో ప్రవేశించాడు.

ఎనిమిది అణాల తుపాకి

మొదట రేమండ్ దగ్గర ఉన్న సైనికులు 300 మంది మాత్రమే. వాళ్ళ చేతిలోని తుపాకులు కూడా సొంతం కావు. తన దేశం వర్తకుని దగ్గర ఒక్కో తుపాకి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చాడు. ఎనిమిది అణాలంటే అర్ధ రూపాయి. అద్దె సామానుతో బతుకు మొదలుపెట్టడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పనక్కర లేదు. కౌలు పొలంలో చెరకు వేసేవాళ్ళు, అద్దె ఆటో నడిపేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు.

అద్దె తుపాకి ఎంతకాలం నమ్మగలం? అది చెడిపోతే బాగుచేసేదెవరు? రేమండ్ దీనికి ఒకటే దారి ఎంచుకున్నాడు. ఆయుధం బయటి నుంచి తెచ్చుకోవడం కాదు, ఇక్కడే తయారు చేయాలి. హైదరాబాదులో తుపాకుల, ఫిరంగుల కార్ఖానాలు నెలకొల్పాడు. వాటిలో ఒకదాని శిథిలం ఫతే మైదాన్ దగ్గర, అంటే నేటి లాల్ బహదూర్ స్టేడియం సమీపంలో ఉంది. దాన్ని తోప్ కా సాంచా అంటారు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అని బస్సు కండక్టరు పిలిచే పేరు ఆ కార్ఖానాదే.

ఫిరంగి ఎట్లా పోస్తారు?

ఆ కాలంలో ఫిరంగి పోయడం పెద్ద విద్య. ముందుగా ఫిరంగి ఆకారంలో నమూనా చేసి, దాని మీద మెత్తటి మట్టి పొరలు పొరలుగా పూసి ఆరబెట్టేవారు. లోపలి నమూనా తీసేసి, ఆ మట్టి అచ్చును కాల్చి, గొయ్యిలో నిలువుగా నిలబెట్టి చుట్టూ మట్టి దట్టించేవారు. పక్కనే కొలిమిలో రాగి, తగరం కరిగించేవారు. సుమారు తొమ్మిది పది పాళ్ళ రాగికి ఒక పాలు తగరం. కరిగిన లోహం కాలువలా పారి అచ్చులో నిండేది. చల్లారాక అచ్చు పగలగొట్టి, లోపలి గొట్టాన్ని తొలిచి నునుపు చేసేవారు. లోహంలో ఎక్కడైనా గాలి బుడగ మిగిలిందా, ఆ ఫిరంగి శత్రువు మీద కాదు, పేల్చినవాడి మీదనే పేలుతుంది. అందుకే ఈ పనిలో తొందర పనికిరాదు, అబద్ధం అసలే పనికిరాదు.

ఇనుము, ఉక్కు పనిలో మన ప్రాంతం వెనుకబడినదేమీ కాదు. మన నిజామాబాదు జిల్లాలోనే కమ్మర్‌పల్లి దగ్గరి కోనసముద్రంలో మన కమ్మరులు తయారు చేసిన ఉక్కు ముద్దలు కొనడానికి పర్షియా దేశం నుంచి వర్తకులు వచ్చేవారు. అటువంటి నేల మీద పనివాళ్ళకు కొదవ ఉండదు. రేమండ్ తెచ్చింది ఐరోపా పద్ధతి, కొలతల క్రమశిక్షణ. చేతులు మాత్రం ఇక్కడివారివి.

యుద్ధాలు – పదవులు

పదేళ్ళలో 300 మంది దళం సుమారు 14 వేల మంది సైన్యంగా పెరిగింది. కవాతు, దుస్తులు, ఆయుధాలు అన్నీ ఐరోపా తీరులో ఉండేవి. 1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాలతో యుద్ధం జరిగింది. రేమండ్ పటాలాలు గట్టిగానే నిలిచి పోరాడాయి. అయినా నిజాం వెనుదిరిగి ఖర్డా కోటలో చేరడంతో యుద్ధం ఓడిపోయింది. నిజాం దౌలతాబాదు వంటి ప్రాంతాలు వదులుకొని, కోట్ల రూపాయలు ఇస్తానని ఒప్పుకోవలసి వచ్చింది.

అదే సంవత్సరం నిజాం కుమారుడు అలీ జా తండ్రి మీద తిరుగుబాటు చేసి బీదరు చేరాడు. దాన్ని అణచడానికి రేమండ్‌ను పంపారు. అతడు రాకుమారుని వెంబడించి ఔరంగాబాదు వైపు పట్టుకున్నాడు. తిరిగి తెస్తుండగా దారిలో అలీ జా విషం తీసుకొని మరణించాడు. ఈ సంగతి దాచి రేమండ్‌ను పొగిడితే మేము సగం నిజమే రాసినట్టు అవుతుంది. అతడు చేసినవి ఆయుధాలు. అవి రాజ్యాన్ని కాపాడాయి, ఒక తండ్రీకొడుకుల తగవులోనూ పనికివచ్చాయి.

1796లో నిజాం రేమండ్‌ను ఫిరంగి సామగ్రికి పెద్ద అధికారిగా నియమించాడు. యుద్ధంలో మహాసర్పం వంటివాడనే అర్థం వచ్చే అజ్దర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. ప్రజలకు, సిపాయిలకు మాత్రం ఆ బిరుదులు నోరు తిరగలేదు. ఫ్రెంచి భాషలో గారు అనడానికి మొస్యో అంటారు. మొస్యో రేమండ్ అన్న పిలుపు జనం నాలుక మీద అరిగిపోయి హిందువులకు మూసా రాము అయింది, ముస్లింలకు మూసా రహీం అయింది. ఒకే మనిషిని రెండు మతాలవారు తమ పేరుతో తమవాణ్ణి చేసుకున్నారు.

అకాల మరణం – ఆ తర్వాత

1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా మరణించాడు. అప్పటికి వయసు 42 ఏళ్ళు. విషం పెట్టారని కొందరు, తానే తీసుకున్నాడని కొందరు చెప్పుకున్నారు. ఏదీ రుజువు కాలేదు. మలక్‌పేట అవతల చిన్న గుట్ట మీద, ఇప్పటి ఆస్మాన్‌గఢ్ దగ్గర, సమాధి చేశారు. సుమారు 23 అడుగుల ఎత్తున్న నల్లరాతి స్తంభం నిలబెట్టారు.

అప్పట్లో ఐరోపాలో ఇంగ్లండు, ఫ్రాన్సు మధ్య భీకర యుద్ధం నడుస్తోంది. రేమండ్ సైన్యం ఫ్రెంచి మూడు రంగుల జెండాతో కవాతు చేసేది. అది ఇంగ్లీషువారికి కంట్లో నలుసైంది. ఆ సంవత్సరమే కలకత్తాకు గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లస్లీ ఆ సైన్యాన్ని లేకుండా చేయాలనుకున్నాడు. 1798 సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. రేమండ్ స్థానంలో వచ్చిన పిరోన్‌కు సిపాయిల మీద అంత పట్టు లేదు. జీతాల బకాయిల కోసం సిపాయిలే తమ అధికారులను నిర్బంధించారు. అక్టోబరు 22న ఇంగ్లీషు సేన చుట్టుముట్టి, బకాయిలు ఇస్తామని చెప్పి, ఒక్క తూటా పేలకుండా ఆ వేలాది మంది చేత ఆయుధాలు కింద పెట్టించింది.

మిత్రులారా, లెక్క చూడండి. కట్టడానికి పన్నెండేళ్ళు పట్టింది, కూలడానికి ఏడు నెలలు. ఫిరంగులు చెడిపోలేదు. సిపాయిలు పిరికివాళ్ళు కారు. ఒక మనిషి మీదనే నిలబడ్డ బలం ఆ మనిషితోనే పోయింది. కష్టపడ్డ సిపాయికి జీతం అందనప్పుడు ఎంత గొప్ప ఆయుధమైనా అతని చేతిలో బరువే అయింది.

మేము నేర్చుకున్నది

సైన్యం పోయినా పేరు పోలేదు. ఏటా మార్చి 25న జనం ఆ సమాధి దగ్గర ఉర్సు జరిపేవారు. 1940 ప్రాంతం దాకా అది సాగింది. సమాధి దగ్గరి స్తంభాల మండపం 2001లో వానలకు కూలిపోతే 2003లో మళ్ళీ కట్టారు.

ఇంత చదివాక మాకు ఒక ఆలోచన మిగిలింది. రేమండ్ పేరు తెలిసింది, అతని నిజాం పేరు తెలిసింది, ఆయుధాలు లాక్కున్నవారి పేర్లూ తెలిశాయి. కొలిమి ఊదినవాడి పేరు, మట్టి తొక్కి అచ్చు చేసినవాడి పేరు ఎక్కడా దొరకలేదు. మట్టి, ఇనుము, తోలు, చెరకు పట్టిన చేతుల ఇళ్ళ నుంచే మేము ఈ హాస్టలుకు వచ్చాము. మన బోధన్‌లో ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడింది. దాన్ని కట్టించిన నిజాం పేరు అందరికీ తెలుసు. అందులో గానుగ దగ్గర నిలబడి తరాల తరబడి పనిచేసినవాళ్ళ పేర్లు మన ఇళ్ళలో తప్ప ఎక్కడున్నాయి?

కాబట్టి మిత్రులారా, రెండు సంగతులు గుర్తుంచుకుందాం. అద్దె తుపాకితో మొదలైనవాడు కార్ఖానా పెట్టగలిగాడు, కనుక ఇవాళ మన చేతిలో ఏమీ లేదని కుంగిపోనక్కర లేదు. రెండవది, నేర్చిన పనిని పదిమందికి నేర్పాలి, ఆ పదిమంది పేర్లూ రాసి పెట్టాలి. వచ్చే ఏటి సంచికకు మనలో ప్రతి ఒక్కరం మన ఇంట్లోని ఒక పనివాడి జీవితం రాసి తెద్దాం. తాతదైనా సరే, నాయనమ్మదైనా సరే. ఎవరైనా దిల్‌సుఖ్‌నగర్ వెళితే, మూసారాంబాగ్ స్టేషను వచ్చినప్పుడు ఒక్కసారి కిటికీలోంచి ఆ గుట్ట వైపు చూడండి.